లారీ తలుపు మీద ఊరి పేరు

శుక్రవారం ఆరాధన అయింది. మస్కట్ శివారు దార్సైట్‌లోని ఇంట్లో దేవవ్వ వండిన కోడికూర తిన్నాక, బొత్స్వానా నుంచి వచ్చిన పాస్టర్ మొలెఫేను యాకూబ్ తాను పనిచేసే వర్క్‌షాపుకు తీసుకొచ్చాడు. మస్కట్‌లోని తెలుగు క్రైస్తవ సహవాసం కొన్నేళ్లుగా మొలెఫే ఊరు మొసెత్లలోని చిన్న మిషన్ ఆసుపత్రికి దుప్పట్లూ మందులూ పంపుతోంది. ఈసారి పెట్టెలతోపాటు ఒక నర్సును కూడా పంపుతోంది. ఆ నర్సు యాకూబ్ భార్య దేవవ్వే. ఆమె కూడా వాళ్ల వెంట వచ్చింది. ఇవి కాక మొలెఫేకు చెప్పకుండా దాచిన కానుక ఇంకొకటి ఉందని యాకూబ్ వారమంతా మురిసిపోయాడు. షెడ్డు తలుపు తీసి దాన్ని చూపించాడు.

వరసగా నిలబెట్టిన ఇసుకరంగు లారీలు. ప్రతి లారీ తలుపు మీదా ఎర్ర సిలువ. దాని కింద తెల్లని ఇంగ్లీషు అక్షరాల్లో 'మొసెత్ల మిషన్ ఆసుపత్రి' అని రాసి ఉంది.

మొలెఫే సంతోషించలేదు. నేల మీద పడుకుని మొదటి లారీ కిందికి పాకాడు. బయటికి వచ్చాక, షెడ్డు మూలన పేర్చిన మందుల పెట్టెల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేయమని యాకూబ్ అడిగితే, "చేయను" అన్నాడు.

ఇంగ్లీషులో తనకే ఏదో తప్పుగా వినబడిందేమోనని యాకూబ్ భార్య వైపు చూశాడు. దేవవ్వ మత్రాలో ఆసుపత్రి డ్యూటీలో రోజంతా ఇంగ్లీషులో బతికే మనిషి.

"సరిగ్గనే విన్నవు. చెయ్యనన్నడు," అందామె.

మొలెఫే మోకాళ్ల మట్టి దులుపుకోలేదు. యాభై దాటిన పొడగరి. పొద్దున ఆరాధనలో అందరితో కలిసి చప్పట్లు కొట్టి పాడిన మనిషి మొహం ఇప్పుడు మరొకరిదిలా ఉంది.

"ఈ లారీలు ఎవరు అడిగారు?" అన్నాడు.

"ఎవరూ అడగలేదు. మా కంపెనీ యజమాని మేజర్ సాబ్ దానమిస్తున్నాడు," యాకూబ్ తనకు వచ్చిన ఇంగ్లీషులో కూడబలుక్కుని చెప్పాడు. "మన పెట్టెల్ని ఇన్నేళ్లూ తన ఓడలో ఉచితంగా పంపుతున్నది ఆయనే కదా. ఈసారి లారీలు కూడా ఇస్తానన్నాడు. మీకు ముందే చెప్పొద్దని అన్నది నేనే."

"మా ఆసుపత్రి అంటే ఏమనుకుంటున్నారు మీరు? రెండు గదులు, పైన రేకులు. రోగులు గాడిద బండ్ల మీద వస్తారు. ఉన్న ఒక్క జీపుకే డీజిల్ దొరకదు. ఇన్ని లారీలు మేమేం చేసుకుంటాం?"

ఆ ప్రశ్న యాకూబ్‌కూ ఒకటి రెండుసార్లు వచ్చింది. అంత పెద్ద కానుక తమ చిన్న సహవాసం చేతుల మీదుగా వెళ్తోందన్న గర్వంలో అది కొట్టుకుపోయింది.

"కింద ఆ ఏటవాలు ప్లేట్లు ఎందుకు?" అని అడిగాడు మొలెఫే.

"మందుపాతరల కోసం. కింద పేలితే దెబ్బ పక్కలకు పోతుంది. ఇక్కడ దక్షిణాన యుద్ధం జరిగిన చోట బావులు తవ్వే కంపెనీకని మొదలుపెట్టాం. వాళ్లు వద్దన్నారట. అందుకని మిషన్‌కు ఇస్తున్నామని మేజర్ సాబ్ చెప్పాడు. నేనే సమాయిల్ లోయకు తీసుకుపోయి వాగు రాళ్లలో నడిపి చూశాను. మంచి బండ్లు."

"మంచి బండ్లే. నాకు తెలుసు," అన్నాడు మొలెఫే.

దేవవ్వ మొదటి లారీ వెనక్కి నడిచింది. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టి, ఇనుపమెట్టు మీద కాలుపెట్టి లోపలికి ఎక్కింది. రెండు పక్కలా ఎదురెదురుగా ఇనుప బల్లలు. కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో పక్క రేకులకు సన్నటి సందులు కోసి ఉన్నాయి. ప్రతి సందుకూ లోపలి నుంచి జరిపే మూత.

"ఇవేంటివి?" అంది లోపలి నుంచే.

"గాలికి," అన్నాడు యాకూబ్.

"గాలికైతే పైన పెడ్తరు గాని కండ్లకాడ పెడ్తరా? లోపలికెల్లి మూత ఎందుకు?"

పక్కన నిలబడ్డ ఇస్తారి తల దించుకున్నాడు. అతను కరీంనగర్ వైపు నుంచి వచ్చిన వెల్డరు. తలుపుల మీది అక్షరాలు రాసిందీ అతనే. ఇంగ్లీషు చదవడం రాదు, ఇచ్చిన నమూనా చూసి ఒక్కొక్క గీతా దించాడు. తన రాత పెద్దమనిషి చూస్తాడని సెలవు రోజైనా ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"సుద్దతోని గీత గీసిచ్చిండ్రక్కా. గీసినకాడ కోసినం," అన్నాడు.

దేవవ్వ బల్ల మీద కూర్చుంది. ఒక మూత జరిపి, సందుకు కన్ను ఆనించింది. ఎదురుగా మొలెఫే నిలబడి ఉన్నాడు. సందులోంచి ఆయన మొహం కనబడలేదు, కాళ్లూ కనబడలేదు. తెల్లచొక్కా గుండీలు మాత్రం కనబడ్డాయి. ఆమె చప్పున వెనక్కి జరిగింది. కిందికి దిగేటప్పుడు మెట్టు దొరకక కాలు గాల్లో తడుముకుంటే యాకూబ్ చెయ్యి అందించబోయాడు. ఆమె పట్టుకోలేదు.

"నీకు తెల్వదా?" అని అడిగింది.

"దేవుని తోడు, తెల్వది."

"తెల్వదా, తెలుసుకోలేదా?"

"మిషన్‌కు అన్నడు గదా. నేను మల్ల అడగలే," అన్నాడు యాకూబ్.

మొలెఫేకు తెలుగు రాకపోయినా ఆ మాటలు దేని గురించో తెలుస్తూనే ఉంది. ఆయన ఒక పెట్టె మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. దేవవ్వ ఇస్తారి కోసం ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతూ వచ్చింది.

"మా ఊరి పక్కన ఎండిపోయిన ఏరు ఉంది. అవతలి ఒడ్డు రొడీషియా. అక్కడ తెల్లవాళ్ల సర్కారుకూ నల్లవాళ్లకూ యుద్ధం. అది తప్పించుకుని వచ్చినవాళ్లు మా బడి వెనక గుడారాల్లో ఉంటున్నారు. మీ దుప్పట్లు కప్పుకునేది వాళ్లే. పోయిన చలికాలంలో ఒక ఉదయం ఏరు దాటి ఒక లారీ వచ్చింది. ఇదే ఎత్తు. కింద ఇలాగే ఏటవాలు ప్లేట్లు. తలుపు మీద ఎర్ర సిలువ. మందుల లారీ అనుకున్నాం. పిల్లలు ఎదురు పరిగెత్తారు. వాళ్లను వెనక్కి పంపి దినేయో ముందుకు నడిచింది."

"దినేయో ఎవరు?" దేవవ్వ అనువాదం ఆపేసింది.

"మా నర్సు."

షెడ్డు రేకులు ఎండకు టపటపమంటున్నాయి. దూరంగా రూవీ రోడ్డు మీద ఏదో బండి హారన్ మోగింది.

"మీ నర్సు వెళ్లిపోయిందన్నారు," దేవవ్వ నెమ్మదిగా అంది. "అందుకే ఆ ఉద్యోగం ఖాళీ అన్నారు."

"వెళ్లిపోయిందనే చెప్పాను. ఎలా వెళ్లిందో చెప్పలేదు. లారీ సందుల్లోంచి కాల్చారు. పది అడుగుల దూరంలో పడిపోయింది. ఆమె వెనక ఇంకా చాలామంది. అది చెబితే మరో నర్సు రాదని భయపడ్డాను. రోజూ కాన్పులు, జ్వరాలు. ఒక్క మనిషైనా కావాలి మాకు."

"రావాలో వద్దో నేను తేల్చుకోవలసిన మాట అది. మీరే తేల్చేశారు."

"అవును. తప్పు చేశాను," అన్నాడు మొలెఫే.

దేవవ్వకు కోపం రాలేదని కాదు. తనకోసం ఖాళీగా ఉందనుకున్న గదిలో, తాను వాడబోయే బల్ల దగ్గర, మరో ఆడమనిషి నిలబడి ఉన్నట్టు అనిపించింది. ఆ మనిషి పేరు కూడా తనకు ఇప్పటిదాకా తెలియదు.

అప్పుడే బయట బండ్లు ఆగిన చప్పుడైంది. ముందు ల్యాండ్ రోవర్ లోంచి మేజర్ దిగాడు. వెనక పికప్‌లో డ్రైవర్లు. వాళ్ల ముందు ఖమరుద్దీన్, హైదరాబాద్ మనిషి, యాకూబ్ పక్క రూమ్‌లో చాలాకాలం ఉన్నవాడు. మేజర్ అసలు పేరు కంపెనీలో ఎవరూ పలకరు. ఒకప్పుడు పటాలంలో పనిచేసిన ఇంగ్లీషు దొర. హిందుస్తానీ బాగా మాట్లాడతాడు. గొంతు ఎప్పుడూ పెంచడు.

"యాకూబ్, ఓడ ముందే వచ్చేసింది. లారీలు ఇవాళే ఎక్కాలి," అన్నాడు. మొలెఫేను చూసి నవ్వుతూ చెయ్యి చాపాడు. "పాస్టర్, మా చిన్న కానుక ఎలా ఉంది?"

మొలెఫే చెయ్యి ఇవ్వలేదు. "ఇవి ఎక్కడికి వెళ్తున్నాయి?"

"తలుపు మీద రాసి ఉందిగా."

"ఆ ఊరు నాది. మా ఊరికి ఇవి రావు."

చాపిన చేతిని మేజర్ మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. "ఓడ దింపిన తర్వాత బండ్లు ఏ దారిన పోతాయో చూసుకునేవాళ్లు వేరే ఉన్నారు. మీకు రావలసిన పెట్టెలు మీకు వస్తాయి. యాకూబ్, ఆ పెట్టెల్ని లారీల్లో వెనకవైపు, తలుపు తీయగానే కనబడేలా సర్దించు. రేవులో తొందరగా వదిలేస్తారు."

యాకూబ్‌కు అప్పుడు మొత్తం అర్థమైంది. లారీలు పోయేది ఏరు అవతలి సర్కారుకు. రొడీషియాకు సామాను అమ్మకూడదని లోకమంతా కట్టడి ఉంది. ఆసుపత్రికి పోయే దానాన్ని ఎవరూ తెరిచి చూడరు. తమ సహవాసం పేరు, తమ దుప్పట్లు, తమ ప్రార్థన, అన్నీ ఈ ఇనుము మీద కప్పిన గుడ్డ.

"సాబ్, నేను సర్దను," అన్నాడు హిందుస్తానీలో.

మేజర్ అతని దగ్గరికి నడిచాడు. "నీ కింద పనిచేసేవాళ్లలో శుక్రవారం నీతోపాటు పాటలు పాడేవాళ్లు ఎంతమంది యాకూబ్? సగం క్యాంపు. వాళ్లందరి పాస్‌పోర్టులు నా బీరువాలో ఉన్నాయి, నీది కూడా. కోపంతో చెప్పడం లేదు. ఆలోచించుకో అని చెబుతున్నాను. ఇంకొక మాట. ఈ పెట్టెలు ఈ ఓడ ఎక్కకపోతే ఇంకే ఓడా ఎక్కవు. అక్కడ పిల్లలు మందుల కోసం చూస్తున్నారని మీరే కదా నాకు చెప్పింది."

అది బెదిరింపు కంటే గట్టిగా తగిలింది. యాకూబ్ మొలెఫే వైపు తిరిగాడు.

"అయ్యగారూ, మందులు..." అని ఆగిపోయాడు.

మొలెఫే కూర్చున్న పెట్టెను అరచేత్తో తడిమాడు. "కావాలి. అబద్ధం చెప్పను. దీంట్లో ఉన్నవి లేక ఈ నెలలోనే కొందరు పోతారు." ఆయన లేచి నిలబడ్డాడు. "కానీ ఈ లారీల్లో వస్తే వద్దు."

డ్రైవర్లు గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. యాకూబ్ వాళ్ల మొహాలు చూశాడు. ఇద్దరు ముగ్గురు పొద్దున తన పక్కన మోకరించినవాళ్లే. ఇంటి మీద అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి వచ్చినవాళ్లు. వాళ్ల తరఫున తాను ఏ మాట అన్నా అది వాళ్ల నోటి కాడి కూడు మీద పడుతుంది. భార్య వైపు చూశాడు. ఆమె ఏమీ చెప్పదని అతనికి తెలుసు. మొసెత్లకు పోవాలో వద్దో ఆమె కూడా ఇంకా తేల్చుకోలేదు.

యాకూబ్ గోడ దగ్గరికి నడిచాడు. రంగు డబ్బాల పక్కనున్న టర్పెంటు డబ్బా మూత తీసి, ఒక పాత గుడ్డను తడిపాడు. మొదటి లారీ దగ్గరికి వచ్చి తలుపు మీది అక్షరాలను తుడవడం మొదలుపెట్టాడు. నిన్న వేసిన రంగు. మొదట పాలలా సాగింది, తర్వాత ఊడింది. వెనక ఇసుకరంగు బయటపడింది.

"యాకూబ్," అన్నాడు మేజర్.

అతను ఆగలేదు. మోచేతిదాకా తెల్లరంగు కారుతోంది. ఊరి పేరు పోయింది. సిలువ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం నిలిచింది. కళ్లు మూసుకుని దాన్ని కూడా తుడిచేశాడు.

రెండో లారీ దగ్గరికి వెళ్లేసరికి అక్కడ ఇస్తారి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మేస్త్రీ, నడుములు వోయేదాంక కూసోని రాసిన ఇవన్ని," అన్నాడు.

"ఎరికే."

"నా ఇంట్ల ముసలిది, ఇద్దరు పోరగాండ్లు ఉన్నరు."

"నువ్వు రాకు ఇస్తారీ. గోడ పొంటి నిలబడు. నేను జేస్త."

ఇస్తారి ఉతికిన చొక్కా విప్పి పెట్టెల మీద మడిచి పెట్టి, యాకూబ్ చేతిలోని గుడ్డను సగానికి చింపుకుని, "నా రాత నేనే తుడుస్త," అన్నాడు.

మేజర్ ఖమరుద్దీన్ వైపు తిరిగాడు. "తుడవని బండ్లు ముందు బయటికి తియ్యండి. నువ్వు ఎక్కు."

ఖమరుద్దీన్ చివరి లారీ ఎక్కాడు. ఇంజను మోగింది. షెడ్డంతా పొగ కమ్మింది. దేవవ్వ నడిచి వెళ్లి ఆ లారీ ముందు నిలబడింది. మొలెఫే ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఖమరుద్దీన్ అద్దంలోంచి వాళ్లిద్దరినీ చూశాడు. దేవవ్వ పెట్టిన కంచంలో ఎన్నో శుక్రవారాలు అన్నం తిన్నవాడు. టైఫాయిడ్ వచ్చి పడి ఉంటే రూమ్‌కు వచ్చి సూది వేసిన మనిషి ఆమె. అతను తాళం తిప్పాడు. ఇంజను ఆగింది.

"మాఫ్ కరో సాబ్. బండి నడ్వది," అన్నాడు కిందికి దిగుతూ.

మేజర్ అరవలేదు. తుడిచిన తలుపును దగ్గరికి వచ్చి చూశాడు. "రంగు మళ్లీ వేయించవచ్చు. రాసేవాళ్లు దొరుకుతారు. నడిపేవాళ్లూ దొరుకుతారు," అన్నాడు. "ఇది కంపెనీ షెడ్డు. నేను తిరిగి వచ్చేసరికి మీలో ఎవరు లోపల ఉన్నా, కంపెనీ సామాను పాడుచేసిన దొంగలని పోలీసులకు చెబుతాను. సిస్టర్, మీ ఆసుపత్రి పెద్దలు నాకు స్నేహితులు. వాళ్లతో కూడా మాట్లాడతాను."

ల్యాండ్ రోవర్ దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. డ్రైవర్లలో కొందరు పక్కచూపులు చూస్తూ క్యాంపు దారి పట్టారు. మిగిలినవాళ్లు ఎవరూ చెప్పకుండానే గుడ్డలు అందుకున్నారు. చివరి తలుపు మీది సిలువ కూడా పోయింది.

"పెట్టెలు మన ఇంటికి చేరుద్దాం. ఇంకో దారి ఎతుకుదాం," అన్నాడు యాకూబ్. "అయ్యగారికి చెప్పు దేవవ్వా. ఆ పేరు మీద ఒక్క బండి పోదు ఇగ."

దేవవ్వ ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. మొలెఫే యాకూబ్ రెండు చేతులూ, రంగుతో సహా, తన చేతుల్లోకి తీసుకున్నాడు.

ఖమరుద్దీన్ పికప్‌లోకి పెట్టె ఎత్తబోయి మళ్లీ కింద పెట్టాడు.

"యాకూబ్ భాయ్, ఒక మాట."

"చెప్పు."

"పోయిన నెల నువ్వు సమాయిల్ ల ఉన్నప్పుడు, నాతోని ఒక బండి రేవుకు పంపిండు మేజర్. ఒక్కటే బండి. ఇసొంటిదే."

"రంగు?"

"రేవుకాడ ఏసిండ్రు, నా ముందట్నే. గిదే సిలువ భాయ్. గివే అక్షరాలు. నేనే ఓడెక్కించిన. మిషన్ బండి అంటే బిస్మిల్లా అని ఎక్కించిన."

ఏం జరిగిందో మొలెఫేకు చెప్పాలి. దేవవ్వ మాటలు కూడగట్టుకుని చెప్పింది. ఒక నెల. ఆ లారీ ఈపాటికి ఓడ దిగి, దేశం దాటి, ఏ ఒడ్డునో ఉండి ఉంటుంది.

"మీ ఊరివాళ్లు జాగ్రత్తగా ఉంటారు కదా?" అని ఆమె అడిగింది. ఆశతో అడిగింది. "దినేయోకు అలా జరిగాక, సిలువ చూసి ఎవరూ దగ్గరికి పోరు కదా?"

"సిలువను నమ్మరు," అన్నాడు మొలెఫే. ఆయన చూపు తుడిచేసిన తలుపు మీద ఉంది. "ఇప్పుడు ఏ బండి వచ్చినా ముందు పేరు చదవాలి. మన ఆసుపత్రి పేరు ఉంటేనే దగ్గరికి వెళ్లాలి, లేకపోతే పారిపోవాలి. పిల్లలందరికీ ఆ అక్షరాలు చదవడం నేర్పించి వచ్చాను."